రంగ్‌ఖానా గల్లీ, ముప్పై ఒకటో పేజీ

మంగళవారం పొద్దున ఆరుంబావుకు సికింద్రాబాద్ స్టేషన్‌లో నిలబడి మా మేనేజర్‌కు మెసేజ్ పెట్టాను: "నాయినమ్మకు బాగా లేదు, ఇవాళ రాలేను." ఈ ఏడాది మా నాయినమ్మకు బాగా లేకపోవడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ ఆమె ఇంట్లో కాళ్లు చాపుకొని సీరియల్ చూస్తూ ఉంది. ఈసారి మాత్రం మెసేజ్‌లో కొంత నిజం ఉంది.

పెత్రమాస ఇంకో నాలుగు రోజులు. ఆ రోజు మా ఇళ్లలో చనిపోయిన పెద్దల పేరున అయ్యగారికి బియ్యం ఇస్తారు. ఆయన ఒక్కొక్కరి పేరూ అడుగుతాడు, మనం చెప్పాలి. మా తాత పేరు అడిగితే నాయినమ్మ నోరు విప్పదు, ఎందుకంటే మొగని పేరు ఎత్తగూడదు. మా నాన్న చెప్తాడు. అక్కడికి ఇబ్బంది లేదు. తర్వాత ఆమె తన తల్లికి బియ్యం ఇస్తుంది. అన్నదమ్ములు లేరు కాబట్టి తనే ఇస్తుంది. "అమ్మ పేరు?" అంటాడు అయ్యగారు. "మా అవ్వ" అంటుంది నాయినమ్మ. "అవ్వే తల్లీ, అవ్వ పేరు?" ఇక్కడ ప్రతి ఏడాదీ బండి ఆగిపోతుంది.

ఆమె పుట్టింది వరంగల్ కొత్తవాడలో. ఐదేళ్లు నిండకముందే తల్లి పోయింది. వెనకాలే తండ్రి. మేనత్త తీసుకుపోయి జనగామ దగ్గర ఊళ్లో పెంచింది. ఆ మేనత్తకూ తల్లికీ పడేది కాదట. అందుకని తల్లి సంగతి అడిగినప్పుడల్లా "ఏడికెల్లో వచ్చింది, పోయింది" అని ఒక్క ముక్కలో జీవితచరిత్ర ముగించేది. ఆ మేనత్తా పోయింది. ఇక చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

పోయినేడు అయ్యగారు విసిగి, "పేరు తెల్వకుంటే ఏదో ఒకటి అనుకోవచ్చమ్మా, తప్పులేదు" అని లక్ష్మమ్మ అని తానే కానిచ్చేశాడు. నాయినమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "ఎవరో లక్ష్మమ్మకు బియ్యమిచ్చొచ్చిన. మా అవ్వ ఉపాసమే ఉన్నట్టున్నది" అంది.

ఈ ఏడు శ్రావణం నుంచే మొదలుపెట్టింది. "వచ్చే పెత్రమాసకు బియ్యం నేనిస్తనో, నాకే ఇస్తరో. ఈసారన్న పేరుతోటి ఇయ్యాలెరా."

"నీకిచ్చేటప్పుడు ఇబ్బంది లేదు తియ్, నీకు ఆధార్ కార్డుంది" అన్నాను. నవ్వింది. నవ్వి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూసి టికెట్ తీశాను. అంతకుమించి నాలో గొప్ప గుణాలేం లేవు.

మొదట హైదరాబాద్‌లోనే ఒక ఆఫీసుకు పోయి పాత జనాభా లెక్కల గురించి అడిగాను. "పేర్లు చూపియ్యం. ఎంతమందో చెప్తం" అన్నారు. "నాకు కావల్సింది ఒక్కరే సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. తర్వాత పాత వరంగల్ ఫొటోలు పెట్టుకునే ఒక గ్రూపులో నా గోడు రాస్తే, కొత్తవాడ నుంచి గౌస్ సాబ్ అనే రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టర్ జవాబిచ్చారు: "మా అబ్బా బడిపంతులు. అప్పటి మర్దుంషుమారీ డ్యూటీ చేసిండు. ఇండ్ల లెక్క రాసుకున్న చిత్తు పుస్తకం మా ఇంట్ల ఉన్నది. గల్లీ పేరు తెలుసుకొని రా."

అన్నీ బాగానే ఉన్నాయి. గల్లీ పేరే తెలియదు, నాయినమ్మకూ గుర్తులేదు. అయినా బయల్దేరాను.

జనరల్ పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికింది. భువనగిరి దాటాక ఇడ్లీలు వచ్చాయి. చట్నీ ఉందన్నాడు గానీ నాకు కనిపించలేదు. ఎనిమిదికి జనగామలో ఒక పెద్దమనిషి చిన్న సంచితో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆయన కూర్చున్న నిమిషానికి మా వరుసంతా తుమ్మడం మొదలుపెట్టింది.

"కోల్డ్ స్టోరేజ్‌ల పెట్టిన మిర్చి. ఎనుమాముల మార్కెట్‌ల సాంపిల్ చూపిద్దామని పోతాన" అన్నాడు, క్షమాపణ లాంటి గొంతుతో. "నువ్వేడికి తమ్మీ?"

"కొత్తవాడ."

"ఎవరోళ్లింటికి?"

"అది కనుక్కుందామనే పోతున్నా."

"మనిషి పేరు?"

"తెల్వది."

"గల్లీ?"

"అదీ తెల్వది."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. తెల్లబడ్డ తాలు కాయను పక్కకు తీసేముందు చూసే చూపు అది. "మరి ఏం దెల్సని పోతానవ్?"

"మా నాయినమ్మ చిన్నప్పుడు ఆడ ఉండేదని."

"పోరా, పో" అన్నాడు. ఆ తర్వాత వరంగల్ దాకా కళ్లు మూసుకున్నాడు. నాకు మాత్రం దారి పొడుగునా కళ్లమ్మట నీళ్లు. మిర్చి వల్ల అని గమనించగలరు.

తొమ్మిదిన్నరకు స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కి కొత్తవాడలో దిగాను. మీలో ఎవరైనా పోతే ఒక మాట: అక్కడ దారి అడగాల్సిన పని లేదు, చప్పుడు వెంట పోతే చాలు. ముందు ఒక ఇంట్లో మగ్గం ధబ్ ధబ్ అంటుంది, తర్వాత నాలుగిళ్లు ఊరుకుంటాయి, మళ్లీ ఒకటి. "ముందుగాల అన్ని ఇండ్లల్ల ఉండె. ఇప్పుడు నడుమ నడుమ పండ్లూడినట్టున్నది" అన్నారు గౌస్ సాబ్, గుమ్మంలోనే. డెబ్బై దాటిన మనిషి, చాక్‌పీసులా సన్నగా, తెల్లగా ఉన్నారు.

పుస్తకం ట్రంకుపెట్టె అడుగున, చిన్న దర్రీ ముక్కలో, అంటే జంపఖానా ముక్కలో, చుట్టి ఉంది. ఉర్దూలో రాసుంది. నాకు అలీఫ్ కూడా రాదు. నేను ఎడమ నుంచి చూస్తుంటే ఆయన కుడి నుంచి వేలు జరుపుతూ వచ్చారు. మధ్యలో ఎక్కడో కలుసుకున్నాం.

"మర్దుంషుమారీ అంటే మనుషుల లెక్క. అప్పుడైనా ఇప్పుడైనా పంతుళ్ల బతుకు ఒక్కటే బేటా. బడి ఒక్కటి తప్ప అన్ని పనులూ చెప్తరు. అబ్బా ఇంటింటికీ తిరిగి ముందు దీంట్ల రాసుకొని, తర్వాత సాఫుగా రాసి సర్కారుకు ఇచ్చిండు. ఇది చిత్తు. అందుకే మాకు మిగిలింది."

మొదటి నాలుగు పేజీలు గల్లీల ఫెహరిస్త్. అంటే గల్లీల పట్టిక: ఏ గల్లీ, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, ఏ పేజీలో ఉంది. మసీదు గల్లీ, గిర్ని గల్లీ, మేదరోళ్ల గల్లీ, ఇట్లా ఇరవైకి పైనే. ఇప్పుడు వాటిలో సగం పేర్లు ఎవరికీ తెలియవు. నంబర్లు వచ్చాయి, నంబర్లు మారాయి. ఈ పుస్తకంలో మనిషి పేరు పట్టుకొని ఇంటికి పోలేం. ఇల్లు పట్టుకొనే మనిషి దగ్గరికి పోవాలి. ఇంటికి గల్లీ కావాలి. ఆ గల్లీ ఒక ఎనభై ఏళ్ల తలకాయలో, టీవీ సీరియళ్ల కింద ఎక్కడో ఉంది.

మళ్లీ ఒకసారి అడుగుదామని ఫోన్ చేశాను. "నాయినమ్మా, మీ గల్లీ పేరేంది?"

"మా గల్లీనా? మా గల్లీ అనేటోళ్లం."

"అందరిదీ మా గల్లీయే నాయినమ్మా."

గౌస్ సాబ్ నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. "సలాం అక్కా. జర యాది చేసుకో. నువ్వు బయట ఆడుకొని ఇంటికొస్తే కాళ్లకు ఏమంటుకునేది? మన్నా, దూదా, పిండా?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను నేను. అవతల నాయినమ్మ ఏమాత్రం ఆలోచించలేదు. "రంగు" అంది. "రంగంటేది. మా అవ్వ గడపల కూసోవెట్టి పీచుతోటి తోమేది. ఎంత తోమినా పోకపొయ్యేది. నా కాళ్లు జూసి నవ్వేది."

"ఏ రంగక్కా?"

"ఎక్కువ ఎరుపే. ఒకో దినం నీలి."

గౌస్ సాబ్ ముఖం వెలిగిపోయింది. బళ్లో పిల్లవాడు కరెక్ట్ జవాబు చెప్పినట్టు "శాబాష్" అన్నారు. "రంగ్‌ఖానా గల్లీ. నూలుకు రంగులేసే కాగులు ఆడనే ఉండె. మిగిలిన నీళ్లు గల్లీలకే వదిలేటోళ్లు. పిండంటిందంటే గిర్ని గల్లీ అనేటోణ్ణి." వేలు పట్టికలో కిందికి జారింది. "ముప్పై ఒకటో పేజీ."

ఫోన్ అలాగే పట్టుకొని పేజీ తిప్పాం. పదకొండు ఇళ్లు. రాజయ్య అనే పేరుతో ఇద్దరున్నారు. మా నాయినమ్మ తండ్రి పేరు రాజయ్య. మొదటి రాజయ్యకు ముగ్గురు కొడుకులు, ఆయనను గౌరవంగా దాటేశాం. రెండో రాజయ్య దగ్గర గౌస్ సాబ్ వేలు ఆగింది.

"రాజయ్య, ముప్పై ఏండ్లు, పని దర్రీలు నేసుడు. పెంకుటిల్లు, మగ్గం ఒకటి. బిడ్డ, నర్సవ్వ, నాలుగేండ్లు."

నర్సవ్వ మా నాయినమ్మ. ఫోన్‌లో ఊపిరి వినిపిస్తోంది.

"భార్య ఉందా సాబ్?"

"ఉన్నది." ఆయన కళ్లద్దాలు తీసి లుంగీ కొసతో తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నారు. నాకు అనుమానం వచ్చింది. మంచి వార్తలకు ఎవరూ కళ్లద్దాలు తుడవరు.

"మడికొండామె."

"అది పేరా?"

"పేరు దగ్గర ఇదే రాసుంది. చూడు, ఇంకో ఇల్లు. భార్య, ఐనవోలామె. ఇది గీసుకొండామె. ఇది పర్వతగిరామె." పేజీ మొత్తం చదివారు. అది ఆడవాళ్ల జాబితాలా లేదు, బస్టాండ్‌లో బోర్డులా ఉంది. "అబ్బా తలుపు దగ్గర నిలవడి మీ ఇంటామె పేరేందని అడిగుంటడు. మొగడు చెప్పడు, సిగ్గు. ఆమె లోపల్నే ఉంటది, పరాయి మొగోనికి చెప్పది. పక్కింటోళ్లనడిగితే వాళ్లు పిలిచేదే చెప్తరు. ఏ ఊరి నుంచి కోడలొస్తే ఆ ఊరి పేరే గదా పిలిచేది. అబ్బాకు ఇంకా నలభై ఇండ్లు తిరగాలె. రాసుకొని పోయిండు."

అంటే మా ముత్తవ్వ పేరు అక్కడే ఉంది, తలుపు వెనకాల, పుస్తకానికి నాలుగడుగుల దూరంలో. ఒక్క మనిషి నోరు తెరిచి ఉంటే నాకు ఇవాళ ఆఫీసు ఉండేది.

"విన్నవా నాయినమ్మా?"

లైన్ కట్ అయిందేమోనని తెర చూశాను. అవలేదు.

"మడికొండనా?" అంది చివరికి. "మన ఉప్పల్ బస్సు పొయ్యే మడికొండ?"

"అదే."

"ఎన్ని పెండ్లిళ్లకు పోయిన్రా ఆ తొవ్వల. ఎన్నిసార్లు పోయిన. ఒక్కనాడన్న కిటికీల నుంచి చూడలే. ఎప్పుడు నిద్రనే పోయిన." ఆ తర్వాత ఫోన్ పెట్టేసింది.

గౌస్ సాబ్ భార్య మమ్మల్ని చూసి ఏమీ అడగకుండా బగారన్నం, దాల్చా పెట్టింది. సంగతి విన్నాక మాత్రం మొగుడివైపు చూపిస్తూ అంది: "ఈయనేమన్న తక్కువనా? యాభై ఏండ్లాయె, 'వింటున్నవా' అంటే నేను రావాలె. నా పేరు నిఖా నాడు విన్న. అది గూడ ఖాజీసాబ్ చదివిండు, ఈయన కాదు."

"వింటున్నవా," అన్నారు గౌస్ సాబ్, "జర దాల్చా."

పేజీని ఫొటో తీసుకున్నాను. నాలుగు లైన్లు తెలుగులో రాయించుకున్నాను. పన్నెండున్నరకు ఆయనే దగ్గరుండి రంగ్‌ఖానా గల్లీకి తీసుకుపోయారు. పట్టికలో రాసినట్టే అది బావి దగ్గర మొదలై మలుపు దగ్గర ఆగుతుంది. బావి మీద స్లాబ్ వేశారు, దాని మీద నాలుగు బైకులు పెట్టి ఉన్నాయి. మా రాజయ్య ఇల్లు ఉండాల్సిన చోట బండి సీటు కవర్లు కుట్టే షాపు. ఏదో ఒకటి అనిపించాలని కాసేపు నిలబడ్డాను. షాపాయన బయటికొచ్చి "ఏ బండి?" అన్నాడు. బండి లేదన్నాను. "మరి జర పక్కకు జరుగు తమ్మీ, గిరాకీ వస్తది" అన్నాడు. గడప ఉండాల్సిన చోట సిమెంటు మీద నా చెప్పుల ముద్ర కూడా పడలేదు.

గల్లీ చివర ఒక మగ్గం ఇంకా ఆడుతోంది. ఎర్ర చారల చిన్న దర్రీ ఒకటి కొన్నాను. గౌస్ సాబ్ దగ్గర సెలవు తీసుకుంటుంటే అన్నారు: "మడికొండకు పోతవా?"

"పోయి ఏం చేయాలి సాబ్? అక్కడ గల్లీ కూడా తెల్వదు."

"అయితే పోతవ్" అన్నారు.

హనుమకొండలో బస్సు మారి, మూడుంబావుకు మడికొండలో దిగాను. ఒకవైపు అద్దాల ఐటీ పార్కు, మెడలో కార్డులు వేలాడే నా వయసు వాళ్లు టీ తాగుతున్నారు. ఇంకోవైపు కొత్త ఇళ్ల ప్లాట్లు, ఊరు, ఊరి వెనకాల గుట్ట, గుట్టమీద ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ బండలు. రోడ్డు పక్కన ఒక ముసలామె మక్కకంకులు కాలుస్తోంది. ఒకటి తీసుకొని మెల్లగా కదిపాను.

"అవ్వా, ఈ ఊరి పిల్లను వెనకట కొత్తవాడకు ఇచ్చిండ్రు. దర్రీలు నేసే రాజయ్యకు. నీకేమన్న ఎరికనా?"

"పిల్ల పేరు?"

"తెల్వది. ఆడ మడికొండామె అనేటోళ్లట."

ముసలామె విసనకర్ర ఆపి నన్ను చూసింది. "ఈడ మడికొండామె ఎవరుంటరు బిడ్డా? ఈడ అందరు మడికొండోళ్లే. ఈడ పుట్టిన పిల్లకు ఈడ పేరుంటది. పెండ్లయి బస్సెక్కినంకనే పేరు పోతది." మళ్లీ నిప్పులు విసరడం మొదలుపెట్టింది. "నన్ను ఈడ ధర్మసాగరామె అంటరు. మా ఊర్ల అడుగు పో, నా పేరు చెప్తరు."

"నీ పేరేంది అవ్వా?"

"నీకెందుకు? పింఛనేమన్న ఇస్తవా?" అని నవ్వింది. చెప్పలేదు.

ఆమె మాట నన్ను కంకి పూర్తి చేయనివ్వలేదు. అంటే ఈ ఊళ్లో ఏదో ఒక వాకిట్లో నిలబడి మా ముత్తవ్వను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఒకప్పుడు ఉన్నారు. అన్నానికి పిలిచి ఉంటారు, తిట్టడానికి పిలిచి ఉంటారు. ఊరంతా రెండు చుట్లు తిరిగాను. ఇద్దరు ముసలాళ్లను, ఒక కిరాణాకొట్టాయనను అడిగాను. ముగ్గురూ ఒకటే అడిగారు: "ఏ వాడ? ఎవరి బిడ్డ?" ఈ ఊరికి నా దగ్గర ఏ పుస్తకమూ లేదు, పట్టికా లేదు. కాళ్లకు ఏమంటుకునేదో చెప్పేవాళ్లు కూడా లేరు.

తిరుగుతుంటే ఇంకో సంగతి తోచింది. జనగామ దగ్గర మా ఊళ్లో మా నాయినమ్మను అందరూ వరంగలామె అంటారు. మా నాన్నకు ఆమె అవ్వ, నాకు నాయినమ్మ, తాతకు "ఓయ్". నర్సవ్వ అని పిలవగా నేను ఒక్కసారి కూడా వినలేదు. బ్యాంకులో టోకెన్ ఇచ్చే ఆయన ఒక్కడు మినహాయింపు. అతను కూడా ఇంటిపేరుతో కలిపే అంటాడు.

ఐదుంబావుకు ఉప్పల్ బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చొని వీడియో కాల్ చేశాను. నాయినమ్మ ఎప్పటిలాగే ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుంది. కాసేపు ఆమె చెవితోనే మాట్లాడాను.

"ముందట పెట్టుకో నాయినమ్మా. చూడు, ఇదే మడికొండ."

కెమెరా బయటికి తిప్పాను. అద్దాల బిల్డింగు పోయింది, ప్లాట్ల బోర్డులు పోయాయి. గుట్ట వచ్చింది.

"ఆపు, ఆపు" అంది.

"బస్సు నేను నడుపుతలేను నాయినమ్మా."

"ఆ బండలు పాతయేనా?"

"బండలు కొత్తయి రావు కదా."

"అయితే మా అవ్వ సూసినయే" అంది. గుట్ట వెనక్కి పోయేదాకా కెమెరా అటే పెట్టాను. మెడ పట్టేసింది.

ముసలామె అన్నదంతా చెప్పాను. పేరు దొరకలేదని, ఇక దొరికే దారి కూడా లేదని చెప్పాను. నా దగ్గర రెండు మూడు ఓదార్పు జోకులు సిద్ధంగా ఉన్నాయి. ఆమెకు అవసరం పడలేదు.

"లక్ష్మమ్మ కాదు గదా?"

"కాదు."

"అయితే అయ్యగారికి మడికొండామె అనే చెప్త."

"ఒప్పుకుంటడా?"

"ఒప్పుకోకేం జేస్తడు? లెక్కల రాసున్నది గద." అని, "ఆ కాయితం సదువురా మల్లొకపారి" అంది.

జేబులోంచి తీసి చదివాను. బస్సు చప్పుడుకు గట్టిగానే చదవాల్సి వచ్చింది. "రంగ్‌ఖానా గల్లీ. పెంకుటిల్లు, మగ్గం ఒకటి. రాజయ్య. భార్య మడికొండామె. బిడ్డ... నర్సవ్వ!"

"ఆఁ" అంది ఫోన్‌లోంచి.

అది జవాబు. గల్లీ చివర ఆడుకుంటుంటే ఇంట్లోంచి కేక వినపడి, తల తిప్పకుండా పలికే పలుకు. నేను ఆమెను పిలవలేదని, కాగితం మాత్రమే చదివానని చెప్పొచ్చు. చెప్పలేదు. కాల్ అలాగే నడుస్తోంది. తెర మీద మా ఇంటి సీలింగ్ ఫ్యాన్ కనిపిస్తోంది, అంటే ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు ఆగింది. పక్క సీటాయన అప్పటిదాకా మర్యాదగా వినీ విననట్టు కూర్చున్నాడు. ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఎవరు తమ్మీ ఫోన్ల?"

"మా నాయినమ్మ."

"ఎవరోళ్లు?"

పొద్దున మిర్చాయన అడిగిన ప్రశ్నే. ఈసారి నా దగ్గర జవాబుంది.

"వరంగలామె" అన్నాను. "మడికొండామె బిడ్డ."

"అట్లనా" అని ఆయన తల ఊపాడు, ఇల్లు తెలిసినట్టే.